పాత పికప్ ట్రక్కుకి ట్రైలర్ హిచ్ విప్పడం, బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో పాత పికప్ కొన్న మనవాళ్ళు ట్రైలర్ కట్టాలనుకోగానే అడిగే ప్రశ్నలివి. హిచ్ అంటే ట్రైలర్ తగిలించడానికి బండి వెనక బిగించే ఇనప అమరిక. ఇల్లు మారడానికి కావచ్చు, చేపలు పట్టే పడవ కోసం కావచ్చు, పెరట్లోకి మట్టీ మల్చూ తోలుకోవడానికి కావచ్చు, పని మాత్రం ఒకటే. ఉదాహరణలు ఎక్కువగా 1997 నుంచి 2003 మధ్య వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 చుట్టూ తిరుగుతాయి. పాత బండ్లలో అది ఎక్కడైనా దొరుకుతుంది, పైగా కిందికి దూరి పని చేసుకోవడానికి చోటు ఉంటుంది. మిగతా బండ్లకీ పద్ధతి దాదాపు ఇదే.

కొత్త హిచ్ బిగించడానికి ఒక పూట చాలు. పాతది విప్పడమే అసలు పని. అందుకే ఆ భాగం గురించి ఎక్కువ రాశాను.

వెనక బంపర్‌కే బాల్ (ట్రైలర్ ముందు కొస కూర్చునే ఇనప గుండు) పెట్టుకునే రంధ్రం ఉంది. మళ్ళీ హిచ్ ఎందుకు?

చిన్న ట్రైలర్‌కి బంపర్ చాలు. ఎంత లాగొచ్చో సాధారణంగా ఆ బంపర్ మీదే అచ్చు వేసి ఉంటుంది. తుడిచి చూడండి. అయితే ఇరవై ఏళ్ళు దాటిన బంపర్ మీద రాసినంత బలం ఇంకా ఉందని నమ్మకండి. దాన్ని ఫ్రేమ్‌కి, అంటే బండి కింది ఇనప చట్రానికి, పట్టి ఉంచే బ్రాకెట్లే ముందు తుప్పు పడతాయి. రిసీవర్ హిచ్ బంపర్‌తో సంబంధం లేకుండా నేరుగా ఫ్రేమ్‌కే బిగుస్తుంది. రిసీవర్ అనే దాని చదరపు గొట్టంలో బాల్ మౌంట్, అంటే బాల్ బిగించిన కడ్డీ, దోపి పిన్ను వేస్తే సరిపోతుంది, అవసరం లేనప్పుడు తీసేసుకోవచ్చు.

బండికి ఇప్పటికే పాత హిచ్ ఉంది. అది మార్చాలో లేదో ఎలా తెలుస్తుంది?

పైన కనపడే తుప్పు చూసి కంగారు పడొద్దు, అది ప్రతి పాత హిచ్‌కీ ఉంటుంది. చూడాల్సింది నాలుగే: వెల్డింగ్ అతుకుల దగ్గర సన్నని పగుళ్ళు, రిసీవర్ నోరు పగిలిపోవడం గానీ సాగిపోవడం గానీ, పిన్ను రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిపోవడం, ఇనుము పొరలు పొరలుగా రాలడం. వీటిలో ఏది కనిపించినా తీసెయ్యాల్సిందే. పగులు మీద వెల్డింగ్ చేయించి మళ్ళీ వాడదామని కొందరు అంటారు. నేనైతే ఒప్పుకోను.

రేటింగ్ చెప్పే లేబుల్ చెరిగిపోయి, ఆ హిచ్ ఎవరు చేశారో, ఎంత లాగుతుందో తెలియకపోయినా మార్చడమే మేలు. పాత బండ్లకి ఎవరో షెడ్డులో వెల్డ్ చేసుకున్న హిచ్‌లు కూడా కనిపిస్తుంటాయి. చూడటానికి దిట్టంగానే ఉంటాయి, లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

హిచ్ సంగతి సరే, ఫ్రేమ్ బాగుందో లేదో ఎలా చూడాలి?

కొత్త హిచ్ ఆర్డర్ చేసే ముందే ఈ పని చెయ్యండి. ఒక చిన్న సుత్తి పట్టుకుని, వెనక ఇరుసు దగ్గర్నుంచి బంపర్ దాకా ఫ్రేమ్ పొడవునా తడుతూ రండి. మంచి ఇనుము ఖంగున మోగుతుంది. తుప్పు తిన్నచోట మొద్దు చప్పుడు వస్తుంది, పెచ్చులు రాలతాయి. అనుమానం వస్తే స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. లోపలికి దిగితే ఆ బండికి హిచ్ ఆలోచన మానుకోండి.

మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ లాంటి చోట్ల చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడి బండ్లకి ఈ బాధ ఎక్కువ. టెక్సస్‌లో పుట్టి పెరిగిన బండికి తక్కువ. అయితే డాలస్‌లో కొన్నంత మాత్రాన అది డాలస్ బండి అయిపోదు, బండి చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్టులో పాత రిజిస్ట్రేషన్లు చూడండి. ఇది చిన్న విషయం కాదు. 1995 నుంచి 2000 దాకా వచ్చిన టకోమా పికప్‌ల ఫ్రేములు తుప్పు పడుతున్నాయని 2008లో టొయోటా కంపెనీయే వారంటీని 15 ఏళ్ళకి పొడిగించి, మరీ పాడైనవాటిని తిరిగి కొనేసింది.

క్లాస్ 3, క్లాస్ 4 అంటారు. ఏది కొనాలి?

పికప్‌కి సాధారణంగా వాడేది క్లాస్ 3. రిసీవర్ నోరు 2 అంగుళాలు, సాధారణంగా 8,000 పౌండ్ల దాకా ట్రైలర్, 800 పౌండ్ల దాకా టంగ్ వెయిట్. టంగ్ వెయిట్ అంటే ట్రైలర్ ముందు భాగం బాల్ మీద మోపే బరువు. క్లాస్ 4 నోరు కూడా 2 అంగుళాలే, 10,000 పౌండ్ల దాకా వెళ్తుంది. క్లాస్ 1, 2లు 1-1/4 అంగుళాలవి, కార్లకీ చిన్న ఎస్‌యూవీలకీ సరిపోతాయి. సైకిల్ ర్యాక్ కోసమే అయినా పికప్‌కి 2 అంగుళాలదే పెట్టించుకోండి.

మీ బండి మోడల్‌కీ, సంవత్సరానికీ సరిపడేలా తయారుచేసినదే కొనండి. అన్ని బండ్లకీ సరిపోతుందని చెప్పి అమ్మేది ఏ బండికీ సరిగ్గా కుదరదు.

పెద్ద క్లాస్ హిచ్ పెడితే బండి ఎక్కువ బరువు లాగుతుందా?

లాగదు. హిచ్, బాల్ మౌంట్, బాల్, బండి ఈ నాలుగింటిలో దేని పరిమితి తక్కువో అదే మీ పరిమితి. అదే ఎఫ్-150లో వీ6 ఇంజన్‌కీ, 5.4 లీటర్ల వీ8కీ టోయింగ్ లెక్క వేరు. వెనక యాక్సిల్ గేర్ రేషియోని బట్టి కూడా మారుతుంది. ఓనర్స్ మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద మొత్తం బరువు పరిమితి ఉంటుంది. ఆ అంకెలు కూడా కొత్త బండికి రాసినవి. రెండు లక్షల మైళ్ళు తిరిగిన ట్రాన్స్‌మిషన్‌తో చివరి పౌండు దాకా వెళ్ళాలని చూడకండి.

జంక్‌యార్డ్‌లో సెకండ్‌హ్యాండ్ హిచ్ దొరుకుతోంది. కొనొచ్చా?

లేబుల్ చదవగలిగేలా ఉండి, మీ మోడల్‌దే అయి, వంపు లేకుండా ఉంటే కొనొచ్చు. బోల్టులు మాత్రం కొత్తవే. దాన్ని మీరే అక్కడ విప్పుకోవాలంటే ఇంకా మంచిది. మీ బండి మీద చెయ్యి పెట్టే ముందు పని నేర్చుకున్నట్టు అవుతుంది.

ఏయే పనిముట్లు కావాలి?

సాకెట్ సెట్, పట్టేసిన నట్లు విప్పే పొడవాటి కడ్డీ బ్రేకర్ బార్, ఎంత గట్టిగా బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్, వైర్ బ్రష్, తుప్పు వదిలించే పెనెట్రేటింగ్ ఆయిల్, కళ్ళద్దాలు, చేతి తొడుగులు. సాకెట్లు ఆరు పలకలవి తీసుకోండి. పన్నెండు పలకలవి తుప్పు పట్టిన నట్టు మీద జారి మూలలు గుండ్రంగా చేసేస్తాయి, ఆ తర్వాత మీ టెన్షన్ రెట్టింపు. ఎవరి దగ్గరైనా దెబ్బలు కొడుతూ నట్టు తిప్పే మిషను, ఇంపాక్ట్ రెంచ్, అరువు దొరికితే సగం పని అయినట్టే.

బండి పైకి లేపాలా?

చాలా పికప్‌లకి అక్కర్లేదు, ఉన్న ఎత్తులోనే కిందికి దూరొచ్చు. లేపాల్సి వస్తే జాకీ మీద మాత్రమే నిలబెట్టి కిందికి వెళ్ళొద్దు, జాక్ స్టాండ్లు వెయ్యండి. హ్యాండ్ బ్రేక్ వేసి ముందు చక్రాలకి అడ్డు పెట్టండి. వాలుగా ఉన్న డ్రైవ్‌వే మీద ఈ పని అసలు పెట్టుకోకండి.

స్పేర్ టైర్ అడ్డంగా ఉంది.

దింపెయ్యండి. ఎఫ్-150లో బంపర్‌లో ఉన్న రంధ్రంలోంచి జాకీ కడ్డీ దూర్చి తిప్పితే కేబుల్ మీద టైరు కిందికి దిగుతుంది. ఏళ్ళ తరబడి దింపని టైరైతే ఆ కేబుల్ కూడా బిగుసుకుపోయి ఉండొచ్చు, ముందు దానికి కాస్త నూనె కొట్టండి. టైరు తీశాక తల పెట్టి చూస్తే ఫ్రేమ్ లోపలి వైపు, బ్రేక్ పైపులు, వైర్లు అన్నీ కనిపిస్తాయి. ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసి పెట్టుకోండి.

పాత హిచ్ బోల్టులు కదలడం లేదు. ఏం చెయ్యాలి?

అందరూ ఆగిపోయేది ఇక్కడే. తొందరపడితే బోల్టు విరుగుతుంది, లేదా వేళ్ళు చితుకుతాయి.

ముందు వైర్ బ్రష్‌తో బయటకి పొడుచుకొచ్చిన మరలని శుభ్రంగా రుద్దండి. ఈ పని ఎవరూ చెయ్యరు గానీ, మట్టీ తుప్పూ నిండిన మరల మీదుగా నట్టు ఎలా జారి వస్తుంది? తర్వాత పీబీ బ్లాస్టర్ లాంటి పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి వదిలెయ్యండి. మామూలు డబ్ల్యూడీ-40 ఈ పనికి అంత బలమైనది కాదు. సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి కొట్టి, మధ్యలో నట్టు మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే అదురుకి నూనె మరల లోపలికి దిగుతుంది.

ఆ తర్వాత బ్రేకర్ బార్. బలమంతా ఒకేసారి పెట్టకుండా కొంచెం బిగించే వైపు నెట్టి, మళ్ళీ వదులు చేసే వైపు లాగండి. కదిలే క్షణం తెలుస్తుంది: ఠప్పుమని ఒక చప్పుడు, ఆ వెంటనే సన్నటి ఎర్రటి పొడి మొహం మీద రాలుతుంది. (కళ్ళద్దాలు అందుకే.) అక్కడ్నుంచి పావు తిప్పు బిగించే వైపు, అర తిప్పు విప్పే వైపు, మధ్యలో మళ్ళీ నూనె. కదిలింది కదా అని ఒకేసారి గిరగిరా తిప్పితే తుప్పు పొడి మరల్లో ఇరుక్కుని మళ్ళీ పట్టేస్తుంది.

గ్యాస్ టార్చ్‌తో వేడి చెయ్యొచ్చా?

వేడికి నట్టు వ్యాకోచించి పట్టు వదులుతుంది, నిజమే. కానీ మీరు పెట్రోలు ట్యాంకు ఉన్న బండి కింద పడుకుని ఉన్నారు. ఫ్రేమ్ వెంట ఇంధనం పైపు, బ్రేక్ పైపు, వైర్ల కట్ట వెళ్తుంటాయి. పైగా ఇప్పటిదాకా మీరు కొట్టిన నూనె కూడా అంటుకునేదే. ఎన్ని అంగుళాల దూరంలో ఏముందో చేత్తో తడిమి చూడకుండా టార్చ్ వెలిగించొద్దు. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, తోడు ఇంకో మనిషి ఉండాలి. ఇవి కుదరకపోతే ఈ పని షాపుకి వదిలెయ్యండి.

నట్టుతో పాటు బోల్టు కూడా తిరిగిపోతోంది. బయటికి రావట్లేదు.

హిచ్‌లకి చాలా చోట్ల క్యారేజ్ బోల్టులు వాడతారు. తల గుండ్రంగా ఉండి, దాని కింద చదరపు మెడ ఉంటుంది. ఆ మెడ చదరపు రంధ్రమున్న ఒక ఇనప బిళ్ళలో కూర్చుని బోల్టు తిరగకుండా ఆపుతుంది. మెడ అరిగినా, బిళ్ళలోంచి పైకి జారినా బోల్టు ఊరికే తిరుగుతుంది. హిచ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య ప్రై బార్ (పలుగు లాంటి కడ్డీ) దూర్చి హిచ్‌ని కిందికి నొక్కి పట్టి చూడండి. మెడ మళ్ళీ బిళ్ళలో కూర్చుంటే నట్టు వచ్చేస్తుంది. లేదంటే బోల్టు కొసని వైస్ గ్రిప్‌తో (బిగించాక వదలని పట్టకారుతో) పట్టుకోండి. అదీ కాకపోతే నట్టుని గ్రైండర్‌తో కోసెయ్యడమే. రవ్వలు ఇంధనం పైపుల వైపు ఎగరకుండా తడిగుడ్డో రేకుముక్కో అడ్డం పెట్టండి. కోసిన బోల్టు పోయినా బాధ లేదు, ఎలాగూ వాటిని మళ్ళీ వాడం.

పాత హిచ్‌ని ఒక్కడినే దింపగలనా?

వద్దు. క్లాస్ 3 హిచ్ 40 పౌండ్ల అటూ ఇటూ ఉంటుంది, పాత భారీ రకాలు ఇంకా ఎక్కువ. పొట్ట మీద పడితే తేలిగ్గా ఏం ఉండదు. చివరి రెండు బోల్టులు, ఒక్కో వైపు ఒకటి, పూర్తిగా విప్పకుండా ఉంచి, కింద జాకీ ఆనించి, అప్పుడు తియ్యండి. సైలెన్సర్ గొట్టం అడ్డొస్తే దాని రబ్బరు హ్యాంగర్‌కి సబ్బు నీళ్ళు రాసి జరిపితే గొట్టం కాస్త కిందికి వస్తుంది.

కొత్తది బిగించే ముందు ఫ్రేమ్‌కి పెయింట్ వెయ్యాలా?

ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదు, వెయ్యండి. వదులు తుప్పు గీకేసి, మిగిలిన తుప్పుని గట్టి పొరగా మార్చే రస్ట్ కన్వర్టర్ రాసి, ఆరాక పైన పల్చగా పెయింట్. హిచ్ ఆనే చోట మాత్రం మందంగా వెయ్యకండి. మెత్తటి పెయింట్ పొర కొన్నాళ్ళకి నలిగిపోయి బోల్టు బిగువు తగ్గుతుంది.

ఫ్రేమ్ లోపలికి చెయ్యి పట్టదు. బోల్టు ఎలా పెట్టాలి?

ఫ్రేమ్ ఒక వైపు తెరిచి ఉన్న రకమైతే చేత్తోనే పెట్టొచ్చు. పెట్టెలా మూసి ఉన్న రకానికి హిచ్‌తో పాటు చుట్టలు తిరిగిన కొస ఉన్న ఒక తీగ ఇస్తారు. చూడ్డానికి పనికిరాని వస్తువులా ఉంటుంది, పారెయ్యకండి.

తీగ చుట్ట ఉన్న కొసని బిగించాల్సిన రంధ్రంలోంచి లోపలికి పంపి, పక్కనున్న పెద్ద రంధ్రంలోంచి బయటికి తీసే పద్ధతి ఉంది. దానికన్నా ఎదురు దిశ తేలిక: పెద్ద రంధ్రంలోంచి చుట్ట లేని కొసని దూర్చి, బిగించాల్సిన రంధ్రంలోంచి కిందికి లాగండి. చుట్ట ఉన్న కొస పెద్ద రంధ్రం బయటే ఉంటుంది. ముందుగా ఇనప బిళ్ళని తీగకి ఎక్కించి, తర్వాత బోల్టు మరని చుట్టలోకి తిప్పండి. ఇప్పుడు బిళ్ళనీ బోల్టునీ లోపలికి నెట్టి, కింది కొస లాగితే బోల్టు తన చోటికి వచ్చి కిందికి వేలాడుతుంది. తీగ అలాగే ఉంచి, హిచ్ పైకి ఎత్తేటప్పుడు దాని రంధ్రంలోంచి తీగని లాగండి. హిచ్ ఆనాక తీగని తిప్పి తీసేసి నట్టు ఎక్కించాలి. ఆ క్షణంలో బోల్టుని పైకి తోస్తే లోపల పడిపోతుంది. అప్పుడిక కర్ర చివర అయస్కాంతం కట్టుకుని వెతకాలి.

పళ్ళున్న వాషర్ ఇస్తే పళ్ళ వైపు హిచ్‌కి ఆనాలి. అన్ని నట్లూ చేత్తో ఎక్కించి, హిచ్ మధ్యకి ఉందో లేదో చూసుకున్నాకే బిగించడం మొదలుపెట్టండి.

రంధ్రాలు కుదరట్లేదు. డ్రిల్ చెయ్యనా, వెల్డ్ చేయించనా?

ముందు మీరు కొన్నది సరైన మోడలో కాదో మళ్ళీ చూడండి. 2004లో ఎఫ్-150 పూర్తిగా మారిపోయింది, అదే ఏడాది పాత రూపంలో హెరిటేజ్ పేరుతో కూడా అమ్మారు. ఈ తికమకలో తప్పు హిచ్ వచ్చేవాళ్ళు ఉన్నారు. తయారీదారు కాగితంలో ఫలానా చోట డ్రిల్ చెయ్యమని ఉంటే చెయ్యండి, మీ ఇష్టానికి మాత్రం వద్దు. ఫ్రేమ్ అంచుకి దగ్గరగా వేసిన రంధ్రం దగ్గరే పగుళ్ళు మొదలవుతాయి. బోల్టుల కోసం చేసిన హిచ్‌ని ఫ్రేమ్‌కి వెల్డ్ చేయించవద్దు.

ఎంత గట్టిగా బిగించాలి?

హిచ్‌తో వచ్చిన కాగితంలో రాసినంత. సగం అంగుళం బోల్టుకి గ్రేడ్ 5 అయితే 75 ఫుట్ పౌండ్లు, గ్రేడ్ 8 అయితే 110 సాధారణంగా కనిపించే అంకెలు. బోల్టు తల మీద మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరుంటే గ్రేడ్ 8. ఏ గీతలూ లేని బోల్టు హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరుకుతుంది, దాన్ని ఇక్కడ వాడకూడదు. మరలకి నూనె రాసి అదే అంకెకి బిగిస్తే బోల్టు మీద లాగుడు ఎక్కువ పడుతుంది, కాగితంలో చెప్పకపోతే పొడిగానే బిగించండి. మొదటిసారి ట్రైలర్ లాగి వచ్చాక మరోసారి టార్క్ రెంచ్ వెయ్యండి.

లైట్ల వైరింగ్ సంగతి?

మామూలు ట్రైలర్‌కి నాలుగు తీగల ప్లగ్గు. తెలుపు ఎర్త్, గోధుమ రంగు టెయిల్ లైట్, పసుపు ఎడమ ఇండికేటరూ బ్రేకూ, ఆకుపచ్చ కుడివి. ట్రైలర్‌కి ఎలక్ట్రిక్ బ్రేకులుంటే ఏడు పిన్నుల సాకెట్ కావాలి, బండి లోపల ఆ బ్రేకుల్ని నడిపే బ్రేక్ కంట్రోలర్ కూడా కావాలి.

మీ మోడల్‌కి టీ కనెక్టర్ దొరుకుతుంది. టెయిల్ లైట్ ప్లగ్గు ఊడదీసి మధ్యలో ఇది పెడితే చాలు, తీగలు కొయ్యక్కర్లేదు. చాలా జపాన్ బండ్లలో లాగా ఇండికేటర్ పసుపు రంగులో విడిగా ఉంటే కన్వర్టర్ డబ్బా ఉన్నది తీసుకోండి, ఎందుకంటే ట్రైలర్‌కి బ్రేకూ ఇండికేటరూ ఒకే తీగలో వెళ్తాయి.

అన్నీ సరిగ్గా కలిపినా ఇండికేటర్ వేస్తే లైట్లన్నీ మసగ్గా మిణుకుతున్నాయా? పదింట తొమ్మిదిసార్లు తెల్ల తీగదే తప్పు. అది తగిలించిన చోట పెయింట్ గీకి, మెరిసే ఇనుము కనిపించాక స్క్రూ బిగించండి.

బాల్ సైజు ఏది? ఎత్తు ఎంత ఉండాలి?

ట్రైలర్ కప్లర్ మీద, అంటే బాల్ మీద కూర్చునే దాని ముందు కొస మీద, రాసి ఉంటుంది: 1-7/8, 2, లేదా 2-5/16 అంగుళాలు. 2-5/16 కప్లర్ 2 అంగుళాల బాల్ మీద కూర్చున్నట్టే కనిపించి, రోడ్డు మీద ఒక గుంతకి ఊడి వస్తుంది. ఎత్తు విషయానికొస్తే, కట్టాక ట్రైలర్ నేలకి సమాంతరంగా ఉండాలి. పికప్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి సాధారణంగా కిందికి వంగిన బాల్ మౌంట్ కావాలి.

మా ఊళ్ళో ట్రాక్టర్‌కి ఒక పిన్ను వేసి తొట్టి లాగేస్తాం. ఇక్కడ ఎందుకింత హడావుడి?

ట్రాక్టర్ మెల్లగా వెళ్తుంది. మీరు ఫ్రీవేలో గంటకి 60 మైళ్ళతో, అంటే దాదాపు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తారు. ఆ వేగంలో బరువు సరిగ్గా సర్దకపోతే ట్రైలర్ పాములా అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టి బండినే తిప్పేస్తుంది. మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం బాల్ మీద పడాలి, అంటే 3,000 పౌండ్ల ట్రైలర్‌కి 300 నుంచి 450. సామాన్లో అరవై శాతం ట్రైలర్ ఇరుసుకి ముందు సర్దితే సుమారుగా ఆ లెక్కకి వస్తుంది. ఊగడం మొదలైతే బ్రేక్ తొక్కకండి, స్టీరింగ్ గట్టిగా తిప్పకండి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. బ్రేక్ కంట్రోలర్ ఉంటే ట్రైలర్ బ్రేకులు మాత్రమే చేత్తో వెయ్యండి.

రెండు సేఫ్టీ చైన్లనీ కప్లర్ కింద అడ్డంగా, గుణకారం గుర్తులా కట్టండి. కప్లర్ ఊడినా ట్రైలర్ ముక్కు రోడ్డుకి గుచ్చుకోకుండా వాటి మీద ఆగుతుంది.

ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరా?

రాష్ట్రాన్ని బట్టి. టెక్సస్‌లో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటితే ఉండాలి. కాలిఫోర్నియాలో 1,500 పౌండ్ల నుంచే మొదలవుతుంది, పైగా అక్కడ ట్రైలర్ లాగేవాళ్ళకి వేగ పరిమితి 55 మైళ్ళే. చట్టం ఏం చెప్పినా పాత బండి బ్రేకుల్ని నమ్ముకుని బ్రేకులు లేని బరువైన ట్రైలర్ కట్టొద్దని నా అభిప్రాయం.

వాడనప్పుడు బాల్ మౌంట్ తీసెయ్యాలా?

తీసెయ్యండి. చీకట్లో బండి వెనక నుంచి నడిచే ప్రతి ఒక్కరి మోకాలి కింద ఎముకకీ అది తగులుతుంది, నంబర్ ప్లేట్‌కి అడ్డొస్తే పోలీసు ఆపే అవకాశం కూడా ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏళ్ళ తరబడి తియ్యకపోతే రిసీవర్ లోపలే తుప్పు పట్టి ఇరుక్కుపోతుంది. తీసి, లోపల కాస్త గ్రీజు రాసి, నోటికి ప్లాస్టిక్ మూత పెట్టండి.